తాగుడు మానడం: మొదటి వారం, ఆ తర్వాతి ఏడాది

కార్తీకమాసం వస్తే మన ఊళ్ళలో ఒక మార్పు కనిపిస్తుంది. సాయంత్రమైతే క్వార్టరు లేనిదే ఇంటిముఖం చూడనివాళ్ళు కూడా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉంటారు. మాల తీసిన వారంలోనే వాళ్ళలో చాలామంది మళ్ళీ మొదలుపెడతారు. అప్పుడు ఇంట్లో వినపడే మాట ఒకటే: "నలభై రోజులు ఉండగలిగినోడు ఇప్పుడెందుకు ఉండలేడు? మనసు లేదు గానీ!"

మాలలో ఉన్నన్నాళ్ళూ ఆయన రోజు మొత్తం వేరే. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, పూట పూటకీ పూజ, రాత్రి తోటి స్వాములతో భజన. నల్లబట్టలు చూసి ఎవరూ గ్లాసు అందించరు. కట్టుకున్న భార్య కూడా "స్వామీ" అని పిలుస్తుంది. మాల తీసిన పూటే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. పాత సాయంత్రం, పాత స్నేహితులు, వైన్‌షాపు ముందునుంచి ఇంటికొచ్చే పాత దారి మాత్రం అలాగే ఉంటాయి. తాగుడు ఆపడం ఒక పని, ఆపాక నిలబడడం ఇంకో పని. మొదటిదానికి దేవుడి మీద ఒట్టు వేయిస్తాం, పిల్లల తల మీద చెయ్యి పెట్టిస్తాం. రెండోదానికి ఎవరూ ఏ ఏర్పాటూ చేయరు. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో మానాలనుకుంటున్నవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎక్కువ ఇళ్ళలో ఉన్న సమస్య మద్యం కాబట్టి దాని చుట్టూనే రాశాను. గంజాయి, మత్తు మాత్రల విషయంలో తేడా ఉన్నచోట చెప్తాను.

1. ముందు లెక్క తేల్చుకోండి

"ఏదో కొంచెం" అనే మాటను పక్కన పెట్టి కొలవండి. మన దేశంలో 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. 30 మి.లీ. విస్కీ లేదా బ్రాందీ సుమారు ఒక యూనిట్. అంటే 180 మి.లీ. క్వార్టరులో ఆరు. 8 శాతం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో నాలుగు. "నేను బీరే తాగుతా, మందు ముట్టను" అనే ఆయన రెండు స్ట్రాంగ్ బీర్లు తాగితే క్వార్టరు కన్నా ఎక్కువే తాగినట్టు.

తర్వాత నాలుగు ప్రశ్నలు. జాన్ యూయింగ్ అనే అమెరికన్ వైద్యుడు 1984లో ప్రచురించిన ఈ ప్రశ్నలను ఇప్పటికీ ప్రపంచమంతా వైద్యులు అడుగుతారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తాగుడు గురించి అంటే చిరాకు వేసిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే వణుకు తగ్గడానికో, ఒళ్ళు సర్దుకోవడానికో తాగాల్సి వచ్చిందా? రెండింటికి అవునంటే వైద్యుణ్ణి కలవాల్సిందే. నాలుగోదానికి అవునంటే మాత్రం ఇంకేమీ చేయకముందు మూడో భాగం చదవండి. ఆ మనిషి శరీరం మద్యానికి కట్టుబడిపోయింది, ఇంట్లో ఆపించడం ప్రమాదం.

వ్యసనానికి అసలు గుర్తు సీసాల సంఖ్య కాదు. ఒకటితో ఆపుదామని కూర్చుని ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి జరిగిపోవడం, కాలేయం చెడిందని డాక్టరు చెప్పాక కూడా కొనసాగడం. ఈ మూడూ కలిస్తే అది వైద్యం చేయాల్సిన జబ్బు.

2. ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ అలా మందగిస్తుంటే మెదడు ఊరుకోదు. తన పని సాగాలి కాబట్టి ఉద్రేకపరిచే రసాయనాల జోరు పెంచుకుంటుంది, శాంతపరిచేవాటికి స్పందన తగ్గించుకుంటుంది. అందుకే మొదట్లో రెండు పెగ్గులకు తూలినవాడు కొన్నేళ్ళకు హాఫ్ తాగి కూడా నిటారుగా నడుస్తాడు. "ఎంత తాగినా నిలబడతాడు" అని మెచ్చుకుంటారు గానీ అది జబ్బు ముదిరిందనడానికి గుర్తు. ఇలాంటి మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే మందగింపజేసేది పోతుంది, పెంచుకున్న జోరు మాత్రం అలాగే మిగులుతుంది. చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, ఫిట్స్ అన్నీ అక్కడినుంచే.

మెదడులో మరో మార్పు కూడా జరుగుతుంది, అది త్వరగా పోదు. సంతోషాన్ని గుర్తుపెట్టుకునే భాగం మద్యంతో ముడిపడ్డ ప్రతిదాన్నీ నేర్చుకుంటుంది: ఆరు గంటల సమయం, ఉడికించిన శనగల వాసన, ఫలానా స్నేహితుడి ఫోన్ రింగు. మానేసి ఏడాదైనా అవి ఎదురైతే కోరిక లేస్తుంది. అది మనిషి బలహీనత కాదు, మెదడు నేర్చుకున్న పాఠం. ఇంట్లోవాళ్ళు ఈ ఒక్క విషయం నమ్మితే సగం తిట్లు ఆగిపోతాయి.

3. ఇంట్లో హఠాత్తుగా ఆపించకండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఆపితే ఆరేడు గంటల్లోనే వణుకు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పలేరు, ఒళ్ళు కాలిపోతుంటుంది. దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తుల కోసం తిరుగుతారు. ఆ తిరుగుడులో పోయే సమయానికి ప్రాణమే పోవచ్చు. 108కి ఫోన్ చేయండి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్ళ తాకిడి ఒక్కసారిగా పెరిగింది. వాళ్ళెవరూ మానాలనుకుని ఆపలేదు, దొరక్క ఆపారు. మాల వేసుకున్న రెండో మూడో రోజున ఫిట్స్‌తో పడిపోయే స్వాములకు జరిగేదీ ఇదే. పెద్ద తాగుబోతు దీక్ష తీసుకుంటానంటే చాలా మంచిది, కానీ మాలకు పది రోజుల ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

కల్లు తాగేవాళ్ళ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. తెలంగాణలో చాలాచోట్ల అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో అధికారులు కల్తీ మీద దాడులు చేసినప్పుడు ఆ కల్లుకు అలవాటు పడినవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా, వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. "కల్లే కదా, చెట్టు నుంచి వచ్చేది" అనుకోకండి. ఏం తాగేవారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, మందు మోతాదు దాన్నిబట్టే వేస్తారు.

ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో స్పూను గానీ వేలు గానీ పెట్టకండి. తాళంచెవులు చేతిలో పెట్టడం వల్ల ఏమీ జరగదు, ఆ నిమిషం అంబులెన్సుకు ఫోన్ చేయడానికి వాడండి.

ఇంకొకటి, ఊళ్ళలో తరచూ జరిగేది. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తారు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తడబడి, చూపు తేడాగా మారి, జ్ఞాపకం శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. సెలైన్ పెట్టేముందు "బి1 ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడగండి. చదువు లేకపోయినా అడగగల ప్రశ్న ఇది.

ఆసుపత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందులిచ్చి, వారం పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. దీన్ని డీటాక్స్ అంటారు. ఈ మాత్రలకు కూడా అలవాటు పడే గుణం ఉంది, కాబట్టి మిగిలినవి ఇంట్లో దాచుకోవద్దు, పాత చీటీతో మళ్ళీ కొనొద్దు.

గంజాయి ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం కొన్నాళ్ళు బాధిస్తాయి గానీ ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. నిద్రమాత్రలు, ఆల్ప్రాజోలం రోజూ వాడేవాళ్ళు మాత్రం మద్యం లాగే హఠాత్తుగా ఆపకూడదు.

4. మాట ఎలా కదపాలి

తాగి ఉన్నప్పుడు వద్దు. పొద్దున, తిన్న తర్వాత, పిల్లలు లేనప్పుడు, ఒక్కరే కూర్చుని మాట్లాడండి. పది మంది పెద్దమనుషులను పోగేసి పంచాయితీ పెడితే ఆ పూటకు తల ఊపుతారు, సాయంత్రం ఆ అవమానానికే తాగుతారు.

"నువ్వు ఇల్లు నాశనం చేశావ్" అని మొదలుపెడితే ఆయన వాదన సిద్ధంగా ఉంటుంది. జరిగినదాన్ని జరిగినట్టు చెప్పండి: "నిన్న రాత్రి బండి మీద పడ్డారు. చిన్నది నిద్ర లేచి ఏడ్చింది. నాకు భయమేసింది. ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా." కాళ్ళ మంటలు, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం లాంటి బాధ ఆయనకే ఏదైనా ఉంటే దాని పేరుతో వెళ్ళండి. చాలామంది మొదట ఆసుపత్రి గడప తొక్కేది ఆ దారినే.

తాగిన రోజు ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరం" అని చెప్పడం, అప్పులు గుట్టుగా తీర్చడం ఆపేయండి. పరువు కోసం చేస్తారని తెలుసు. కానీ తాగుడు వల్ల కలిగే నష్టం ఆయనదాకా చేరకుండా మీరే మధ్యలో మోస్తున్నారు. తాగని రోజున మాత్రం తేడా తెలిసేలా ఉండండి: కలిసి తినండి, ఇష్టమైన కూర వండండి, మామూలుగా మాట్లాడండి. ఆ రోజు కూడా పాత లెక్కలు తీస్తే తాగినా తాగకపోయినా ఒకటే అనిపిస్తుంది.

కొడుతుంటే ఈ సలహాలేవీ వర్తించవు. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటుకు వెళ్ళండి. మహిళల సహాయానికి 181, పోలీసులకు 112.

5. ఎక్కడికి తీసుకెళ్ళాలి

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు పాతవి, అనుభవం ఉన్నవి. "పిచ్చాసుపత్రి" అన్న పేరుకు జంకి లక్షలు పోసి ఎక్కడికో వెళ్ళేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఎటు వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రోజంతా పనిచేస్తుంది. మత్తు వ్యసనాలకే ఉన్న జాతీయ నంబరు 14446.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రమైతే చేర్చేముందు చూడాల్సినవి ఉన్నాయి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? మానసిక వైద్యుడు ఎన్నాళ్ళకోసారి వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? ఫోన్లో మాట్లాడనిస్తారా? "మూడు నెలలు కలవడానికి వీల్లేదు, మేం మనుషుల్ని పంపి ఎత్తుకొస్తాం" అంటే అక్కడ చేర్చకండి. కొట్టి మాన్పించడం వైద్యం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది.

పోలీసు కేసవుతుందేమోనని గంజాయి వాడే పిల్లల తల్లిదండ్రులు దాస్తారు. తక్కువ పరిమాణం, సొంత వాడకం కేసుల్లో స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవారికి 1985 మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దాచిన ప్రతి నెలా నష్టమే.

కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యం వల్ల సహాయం అవసరమైనవారు దేశంలో 5.7 కోట్లు. మద్యానికి బానిసలైనవారిలో 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మీరు వైద్యుడి గుమ్మం దాకా వెళ్ళారంటే ఎక్కువమంది చేరని చోటుకు చేరినట్టే.

6. కోరిక తగ్గించే మందులు

డీటాక్స్‌తో వైద్యం అయిపోయిందనుకోవడం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ఆ తర్వాత నెలల తరబడి వాడే మందులు ఉన్నాయి. నాల్ట్రెక్సోన్ అనే మందు, మద్యం తాగితే వచ్చే కిక్కును, తాగాలనే కోరికను తగ్గిస్తుంది, కాలేయ పరీక్ష చూసి రాస్తారు. అకాంప్రోసేట్ రోజుకు మూడుసార్లు వేసుకోవాలి, మూత్రపిండాలు బాగుండాలి. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి బాక్లోఫెన్ వాడడం ఉంది.

డైసల్ఫిరామ్ కథ వేరు. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణం పోవచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది, ఆల్కహాల్ ఉన్న దగ్గు టానిక్కులు కూడా పడవు. అన్నీ తెలిసి ఒప్పుకున్న మనిషికి, డాక్టరు పర్యవేక్షణలో అది బాగా పనిచేస్తుంది. తెలియకుండా సాంబారులో, మజ్జిగలో కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకండి. "తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అని బస్సుల మీద, గోడల మీద కనిపించే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. మానాలనే ఇష్టం లేకుండా మాన్పించే పొడి ఏదీ లేదు.

7. నిలబడే ఏడాదికి ఏర్పాటు

మళ్ళీ తాగడం గ్లాసు ఎత్తినప్పుడు మొదలవదు. వారం పది రోజుల ముందే మొదలవుతుంది: మందులు ఒకపూట వదిలేయడం, తిండి నిద్ర గాడి తప్పడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "ఇప్పుడు నాకు కంట్రోల్ వచ్చింది, అప్పుడప్పుడు ఒకటి పర్లేదు" అన్న ఆలోచన. తర్వాత పాత స్నేహితుడికి "ఊరికే" ఫోన్. ఈ గుర్తులు ఇంట్లోవాళ్ళకూ తెలిసి ఉండాలి. "మళ్ళీ మొదలెట్టావా?" అని నిలదీయడానికి కాదు, "మందులు వేసుకుంటున్నారా, డాక్టర్ని ఒకసారి కలుద్దామా?" అని అడగడానికి.

ఒక క్యాలెండరు ముందేసుకుని మీ సొంత ప్రమాదపు రోజులు రాసుకోండి. జీతం రోజు, శనివారం కూలీ డబ్బులు చేతికొచ్చే సాయంత్రం, దసరా, బోనాలు, సంక్రాంతికి కోడిపందేల బరులు, బావమరిది పెళ్ళి, పెద్దకర్మ భోజనం, వరల్డ్‌కప్ ఫైనల్. ప్రతిదాని పక్కన ఆ రోజు ఏం చేస్తారో రాయండి. జీతం రోజున భార్యతో కలిసి వెళ్ళి సరుకులు తెచ్చుకోవడం. పెళ్ళికి భోజనాల వేళకు వెళ్ళి, అక్షింతలు వేసి, తిని, వచ్చేయడం. మొదటి మూడు నెలలు దావత్‌లకు అసలు వెళ్ళకపోవడమే నయం. చుట్టాలు ఏమనుకున్నా సరే.

తప్పించుకోలేని చోట ఒత్తిడి ఎలా వస్తుందో తెలిసిందే: "ఒక్క పెగ్గుకి ఏమవుద్ది బావా?", "నా మీద ప్రేమ లేదా అన్నా?" జవాబు చిన్నగా, ముందే నోటికి పట్టి ఉండాలి. "తాగట్లేదు బావా, టాబ్లెట్లు నడుస్తున్నాయి. కూల్‌డ్రింకు తెప్పించు." అంతే. కారణాలు వివరించడం మొదలుపెడితే ప్రతి కారణానికీ ఎదుటివాళ్ళ దగ్గర జవాబుంటుంది. మూడోసారి అడిగితే లేచి వచ్చేయండి.

కోరిక లేచినప్పుడు అది ఎప్పటికీ తగ్గదనిపిస్తుంది. నిజానికి ఎక్కువసార్లు అరగంటలోపే పైకి లేచి దిగిపోతుంది. ఆ అరగంటకు పనులు ముందే రాసి ఉంచుకోండి: కడుపునిండా ఏదైనా తినడం, స్నానం, బండి కాకుండా నడిచి ఒక చుట్టు, నమ్మకమైన ఒకరికి ఫోన్. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ కోరికను రేపుతాయి. సాయంత్రం ఆరింటికి ఖాళీ కడుపుతో ఉండకపోవడం అనే ఒక్క నియమం చాలా సాయంత్రాలను దాటిస్తుంది. నిద్ర సర్దుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. నిద్రమాత్ర సొంతంగా కొని మద్యం స్థానంలో ఇంకో వ్యసనం తెచ్చుకోకండి.

పోయిన సాయంత్రం స్థానంలో ఇంకేదో ఉండాలి. మాలలో ఉన్నప్పుడు భజన ఆ ఖాళీని నింపింది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో తాగుడు మానిన ఇద్దరు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఇప్పుడు మన నగరాల్లోనూ జరుగుతున్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. కుటుంబాలకు అల్-అనాన్ అని విడిగా ఉంది. అందరికీ నప్పకపోవచ్చు, రెండు మూడు సార్లు వెళ్ళి చూడండి. దగ్గర్లో లేకపోతే షటిల్, చర్చి కూడిక, పొలం పని, పిల్లల హోంవర్కు, ఏదైనా సరే, ఆరు నుంచి తొమ్మిది దాకా చేతికి పని, పక్కన మనిషి ఉండాలి.

8. ఒకసారి జారితే

ఎన్ని చేసినా చాలామంది ఒకసారైనా తాగుతారు. ఆ రాత్రి కన్నా ప్రమాదమైనది మర్నాటి ఆలోచన: "అంతా పోయింది, ఇంక ఆగి ఏం లాభం?" అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఒక జారుడుకూ, పూర్తిగా పాత స్థితికి పడిపోవడానికీ మధ్య ఉన్న ఈ ఆలోచన మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒక జారుడు దగ్గరే ఆగడం నేర్చుకోగల పని.

మిగిలిన సీసా పారబోయండి. డైసల్ఫిరామ్ వాడుతూ తాగితే నేరుగా ఎమర్జెన్సీకి. లేకపోతే తెల్లారేసరికి ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ రోజే డాక్టరుకు లేదా కౌన్సెలింగ్ ఇచ్చేవారికి ఫోన్ చేయండి. చాలా రోజులు వరసగా తాగేసి ఉంటే సొంతంగా ఆపకండి, మూడో భాగం మళ్ళీ వర్తిస్తుంది. కాస్త కుదుటపడ్డాక కాగితం మీద రాయండి: ఏ రోజు, ఎవరితో, అంతకుముందు రెండు రోజులు ఏం జరిగింది, ఏ మందు మానేశారు. ఆ కారణాన్ని క్యాలెండరులో చేర్చండి.

ఇంట్లోవాళ్ళు ఆ రోజు చేయగలిగింది ఒకటుంది. ఇన్ని నెలలు తాగని లెక్కను చెరిపేయకండి. ఎనిమిది నెలల్లో ఒక్కరోజు తాగిన మనిషికి ఎనిమిది నెలలు తాగని అనుభవం ఉంది. పిల్లలు అడిగితే దాచకుండా, వాళ్ళ వయసుకు తగ్గట్టు చెప్పండి: "నాన్నకు జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఇందులో నీ తప్పేం లేదు." తర్వాత డాక్టరు దగ్గర తేదీ రాయించుకుని, ఇద్దరూ వెళ్ళండి.